ఆర్టీమియా బకెట్టు, అక్క చెయ్యి

నేను ఒక మనిషిని "నీ చెయ్యి మంచిది కాదు" అన్నాను. చాటున కాదు, షెడ్డులో నలుగురి ముందు అన్నాను. ఆ మాట తప్పని తెలిశాక కూడా ఐదు నెలలు నోరు మెదపలేదు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి పోయిన రోజు గురించి చెప్పాలంటే ముందు చేపల గురించి, ఆ చేపలు తినే పురుగుల గురించి చెప్పాలి. కొంచెం ఓపిక పట్టండి. నాకే ఓపిక లేదు, మిమ్మల్ని పట్టమంటున్నాను.

పద్దెనిమిదేళ్ళు రొయ్యల హేచరీల్లో పనిచేశాను. మా వైపు సముద్రం ఒడ్డున, సరుగుడు తోటల వెనక వరసగా రేకుల షెడ్లు కనిపిస్తాయి. వాటిలో సగం షెడ్లలో నేను ఏదో ఒక సీజను పని చేసినదాన్నే. నా పని ఆర్టీమియా. అది ఉప్పు సరస్సుల్లో దొరికే సన్న పురుగు. దాని గుడ్లు కాఫీపొడిలాగా ఉంటాయి, డబ్బాల్లో వస్తాయి. ఉప్పునీళ్ళలో పోసి, కింద నుంచి గాలి పెట్టి, పైన లైటు వేస్తే మర్నాటికి నారింజ రంగు పిల్లలు బయటికొస్తాయి. అడుగున కుళాయి తిప్పి, సన్నటి గుడ్డలో పట్టి, కడిగి రొయ్యపిల్లలకు వేయాలి. పొదిగిన వెంటనే పట్టాలి, గంట ఆలస్యమైనా వాటి ఒంట్లో సత్తువ పోతుంది. ఈ ఒక్క ముక్క పద్దెనిమిదేళ్ళలో నా చేతుల్లోకి ఇంకిపోయింది. గడియారం చూడక్కర్లేదు, నీళ్ళ రంగు చూస్తే చాలు, చెయ్యి తనంతట తానే కుళాయి మీదికి పోతుంది.

మా తీరంలో హేచరీ వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. హస్తవాసి. డాక్టర్లకు ఉంటుందంటారే, అదే. తల్లి రొయ్యను తొట్టిలో వదిలేది ఎవరు, కొత్త డబ్బా తెరిచి మొదటి చెంచా గుడ్లు వేసేది ఎవరు అని చూస్తారు. పంట బాగా వస్తే ఆ చేతిని పొగుడుతారు, పోతే ఆ చేతిని తిడతారు. నీళ్ళను తిట్టరు, కరెంటును తిట్టరు, సరిగా కడగని పైపును అసలే తిట్టరు. నాది మంచి చెయ్యి అని పేరు. సీజను మొదట్లో పక్క హేచరీ వాళ్ళు కూడా ఆటో పంపించి నన్ను పిలిపించుకునేవాళ్ళు. నేను పోయి ఒక చెంచా గుడ్లు నీళ్ళలో వేసి వస్తే చాలు. మేము క్రైస్తవులం, పసుపు కుంకుమలు తీసుకోనని వాళ్ళకు తెలుసు కాబట్టి అరటిపళ్ళు, జాకెట్టు గుడ్డ పెట్టి పంపేవాళ్ళు. ఇలాంటివి నమ్మకూడదని మా పాస్టరుగారు చెబుతారు. మందిరంలో కూర్చున్నంతసేపు నమ్మను. బయటికొచ్చాక ఆటో వస్తే ఎక్కుతాను.

తర్వాత రొయ్యల పని పడిపోయింది. ఏటా ఏదో ఒక రోగం. మా ఓనరు విసిగిపోయి ఒక షెడ్డు ఖాళీ చేయించి, అద్దాల తొట్లు తెప్పించి, అలంకారానికి పెంచుకునే సముద్రపు చేపలు పెడతామన్నాడు. క్లౌన్ చేప. నారింజ ఒంటి మీద మూడు తెల్లపట్టీలు ఉంటాయి. పట్నాల్లో ఇళ్ళల్లో అద్దాల పెట్టెల్లో పెట్టుకుంటారు. కూరకు పనికిరాని చేపను ఇంత కష్టపడి పెంచడమేమిటని ఊళ్ళో నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఉన్న పని అదొక్కటే కాబట్టి చేరాను. పిల్లల తిండి చూడడం నా వంతు. తొట్ల శుభ్రానికి ఒక అక్కను తీసుకున్నారు.

ఆమె నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. చేపలు పట్టే కుటుంబం, ఆమె భర్త బోటు మీద వేటకు పోతాడు. మొదటి రోజు నుంచే, మా వైపు చనువున్న ఆడవాళ్ళను పిలిచినట్టు, నన్ను "మే" అని పిలిచింది. హేచరీలో అంత పేరున్న నన్ను మే అంటుందేమిటని లోపల కొంచెం గుచ్చుకుంది, రెండో రోజుకు అలవాటైపోయింది. పుట్టి నాలుగు రోజులైన చేపపిల్ల కంటికి సరిగా ఆనదు. ఆ పిల్లలు తిరిగే తొట్టి అడుగున పేరుకున్న మురికిని సన్న గొట్టంతో లాగాలి, ఒక్క పిల్ల కూడా గొట్టంలోకి పోకూడదు. అక్క ఊపిరి బిగపట్టి లాగేది. బకెట్లోకి వచ్చిన మురికినీళ్ళను మళ్ళీ టార్చి వేసి వెతికేది. పొరపాటున ఒక పిల్ల వచ్చి ఉంటే చెంచాతో తీసి తొట్టిలో వదిలి, "పో తల్లీ, పో, మీ వాళ్ళ కాడికి పో" అనేది. అంత ఓపిక నాకు లేదు. మధ్యాహ్నం ఇద్దరం షెడ్డు వెనక నీడలో కూర్చుని తినేవాళ్ళం. ఆమె మెత్తళ్ళ పులుసు తెచ్చేది, నేను పప్పు తెచ్చేదాన్ని. నా పప్పు ఆమెకు నచ్చదని మొహం చూస్తే తెలిసేది, అయినా రెండు ముద్దలు తినేది.

ఆ పని ఎంత విసుగో చెప్పలేను. రొయ్యపిల్లలు నయం. ఈ క్లౌన్ పిల్లలు మొదటి వారం రోటిఫర్లు తింటాయి. రోటిఫరు ఆర్టీమియా కంటే ఇంకా సన్నది, నీళ్ళలో దుమ్ములాగా ఉంటుంది. అది బతకడానికి నాచు పెంచిన పచ్చనీళ్ళు కావాలి. అంటే చేపను పెంచాలంటే పురుగును పెంచాలి, పురుగును పెంచాలంటే నాచును పెంచాలి, నాచు పాడవకుండా సీసాలు ఉడకబెట్టాలి. దీనిలో ఒక్కటి ఒక్కరోజు తప్పితే మిగతావన్నీ వరసగా చస్తాయి. పండగ లేదు, జ్వరం లేదు. మా చెల్లెలి కొడుకు పెళ్ళికి పోయి దీవించి, అన్నం తినకుండా వచ్చేశాను. వచ్చి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. అన్నం తినకుండా వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

వారం దాటాక పిల్లలను ఆర్టీమియాకు మార్చాలి. అసలు చిక్కు అక్కడే. సముద్రపు చేప పెరగడానికి ఒక రకం కొవ్వు కావాలి. దాన్ని తన ఒంట్లో తాను తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. ఆర్టీమియాలో అది లేదనే చెప్పాలి. అందుకని ముందు ఆర్టీమియాకు చేపనూనె తినిపించి, ఆ నూనె వాటి కడుపులో ఉండగానే చేపపిల్లలకు వేయాలి. పురుగు కడుపు మనకు టిఫిన్ క్యారియరు అన్నమాట. ఓనరు ఎక్కడో శిక్షణకు పోయి ఒక కాగితం రాసుకొచ్చాడు. కాడ్ లివర్ నూనె, కోడిగుడ్డు పచ్చసొన, నీళ్ళు మిక్సీలో వేసి పాలలాగా తిప్పాలి. ఆర్టీమియా పొదిగాక కొన్ని గంటలు ఆగి, ఆ తర్వాత ఈ పాలు పోసి, మళ్ళీ చాలాసేపు ఉంచాలి. ఎందుకు ఆగాలో కాగితంలో లేదు. నేను చదివి పక్కన పెట్టాను. ఆగితే సత్తువ పోతుందని తెలియని వాళ్ళెవరో రాశారనుకున్నాను. కాగితం రాసినవాళ్ళు కుళాయి తిప్పి ఉండరు కదా అని నా ధీమా.

అందుకని నా పద్ధతిలోనే చేశాను. పొదిగీ పొదగగానే పట్టి, బకెట్లో వేసి, నూనె పాలు పోసి ఒక గంట ఉంచి, కడిగి చేపపిల్లలకు వేసేదాన్ని. కడిగిన నీళ్ళు తెల్లగా పలచటి మజ్జిగలాగా కాలువలోకి పోయేవి. గుడ్డలో మిగిలిన ఆర్టీమియా నారింజ రంగులో మెరుస్తుండేది.

"చూడక్కా, నూనె ఎట్టా పట్టినాయో" అనేదాన్ని.

అక్క వంగి చూసి, "అవునే, నిగనిగమంటా ఉండాయి" అనేది. గుడ్లు పగలగొట్టి సొన తీసే పని ఆమెదే. తెల్లసొన పారబొయ్యడం ఇష్టం లేక ఇంటికి తీసుకుపోయేది.

మొదటి విడత పిల్లలు పది రోజులు బాగా తిన్నాయి. పదకొండో రోజు ఉదయం అక్క తొట్టి మీద కప్పిన నల్లగుడ్డ తీసి, గొట్టం నీళ్ళలో పెట్టింది. పిల్లలు ఉన్నట్టుండి గిరగిరా తిరిగి, పక్కకు ఒరిగి, అడుక్కు పోయాయి. తిరిగిందల్లా పోయింది. పావుగంటలో తొట్టి అడుగున తెల్లటి పొరలాగా పరుచుకున్నాయి. అక్క గొట్టం పట్టుకుని అలాగే నిలబడింది. "నేనేం చేసినా మే? నేనేం చెయ్యలేదే" అంది. మొదటిసారి కాబట్టి నేనే సర్దిచెప్పాను. నీళ్ళలో ఏదో ఉండి ఉంటుందిలే అన్నాను.

రెండో విడత కూడా అంతే. పది రోజులు బాగున్నాయి, అక్క గుడ్డ తీసింది, గొట్టం పెట్టింది, పోయాయి.  మధ్యాహ్నం ఆమె పులుసు నేను పోసుకోలేదు.

మూడో విడత పోయిన రోజు ఓనరు షెడ్డులోనే ఉన్నాడు. డ్రైవరు, మోటార్లు చూసే అతను కూడా ఉన్నారు. ఓనరు తొట్టిలోకి చూసి, "ఏమైంది మళ్ళీ? ఎవురు చెయ్యి పెట్టినారు?" అని అరిచాడు. మూడు వారాలుగా సరిగా నిద్ర లేదు నాకు. నడుం పట్టేసింది. చేతులకు ఎప్పుడూ చేపనూనె వాసనే, అన్నం తింటుంటే కూడా అదే వాసన. పని పోతుందన్న భయం కూడా ఉంది, దాచడమెందుకు. నా నోటికి ఏదొస్తే అది అన్నాను.

"నేను మేత వేసిందాకా బాగనే ఉండాయి సార్. అక్క గొట్టం పెట్టిన ప్రతిసారీ ఇదే జరుగుతా ఉండాది. ఆమె చెయ్యి మంచిది కాదు. తొట్ల కాడికి రానీబాకండి."

హేచరీలో ఇంతకంటే పెద్ద మాట లేదు. దొంగ అన్నా ఒక హేచరీలో మానేసి ఇంకో హేచరీలో చేరవచ్చు. చెయ్యి మంచిది కాదంటే ఆ తీరంలో ఏ తొట్టి దగ్గరికీ రానివ్వరు. పైగా అన్నది నేను, మంచి చెయ్యి ఉన్నదాన్ని. అక్క తడి చేతులు రెండూ కొంగులో పెట్టుకుని బయటికి పోయింది.

మర్నాటి నుంచి ఆమెను బయట ఫిల్టరు సంచులు ఉతకడానికి పెట్టారు. నాకు గుడ్లు పగలగొట్టి ఇవ్వడానికి కూడా లోపలికి రాలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. ఒకసారి సబ్బు కావాలని తలుపు దగ్గర నిలబడి, "మేడం, సబ్బు" అంది. నన్ను మేడం అనడం అదే మొదలు. రెండు వారాల తర్వాత ఇంట్లో పని ఉందని చెప్పి మానేసింది. పోయేటప్పుడు నా దగ్గరికి రాలేదు. రాకపోతే మంచిదే అనుకున్నాను, నిజం చెబుతున్నాను.

అక్క పోయాక తొట్ల అడుగు తీసే పని కూడా నా మీద పడింది. నాలుగో విడత పదకొండో రోజు నేనే గుడ్డ తీసి, నేనే గొట్టం పెట్టాను. నా చేతి కిందే పిల్లలు గిరగిరా తిరిగి పడిపోయాయి. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు. ఆమె వాడిన గొట్టం కాబట్టి ఇలా అయిందనుకున్నాను. కొత్త గొట్టం తెప్పించాను. ఐదో విడతలో కొత్త గొట్టంతో కూడా పోయాయి. కొద్దిగా మిగిలిన వాటికి ఒంటి మీద పట్టీలు సగం సగం వచ్చాయి. ఒకదానికి మెడ దగ్గర చుక్క మాత్రమే వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా సంగతి, కానీ ఆ సామెత ఆ రోజుల్లో నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఆరో విడతకు ఆర్టీమియా పెట్టే రోజుల్లో ఒక ఆదివారం వచ్చింది. శనివారం కరెంటు పోయి గాలి సరిగా అందక గుడ్లు ఆలస్యంగా పొదిగాయి. ఉదయం ఆరు గంటలకు పట్టి, బకెట్లో వేసి నూనె పాలు పోశాను. గంట ఆగి కడిగి వేయాలంటే ఆరాధనకు ఆలస్యమవుతుంది. చేపపిల్లలకు రోటిఫర్లు కొన్ని మిగిలి ఉంటే అవి వేసి, బకెట్లో గాలి గొట్టం అలాగే ఉంచి మందిరానికి పోయాను. ఆరాధన అయ్యాక వచ్చి చూసుకుందామనుకున్నాను. కానీ ఆ రోజు సంఘంలో ఒకామె కొత్త ఇంటికి కృతజ్ఞత కూడిక పెట్టుకుంది. పాస్టరుగారి ప్రార్థన ఆ ఇంటి గోడలన్నిటినీ, గదులన్నిటినీ పేరుపేరునా దీవించేదాకా సాగింది. తర్వాత భోజనాలు. నేను వడ్డించకుండా రాలేను. షెడ్డుకు వచ్చేసరికి పొద్దు గూకుతోంది.

బకెట్టు పారబోద్దామనే పోయాను. పన్నెండు గంటలు నూనెలో నానిన ఆర్టీమియా ఎందుకు పనికొస్తుంది? కానీ బకెట్లో నీళ్ళు తెల్లగా లేవు. తేరుకుని ఉన్నాయి. అడుగు కనిపిస్తోంది. ఉదయం పోసిన పాలు విరిగి పైకి తేలాయేమోనని చూశాను, పైన కొంచెం నురగ తప్ప ఏమీ లేదు. ఇన్ని నెలల్లో నేను కడిగిన నీళ్ళెప్పుడూ తెల్లగానే పోయాయి. ఈ రోజు ఆ తెలుపు ఎక్కడికి పోయింది?

షెడ్డులో రొయ్యల కాలం నాటి మైక్రోస్కోపు ఒకటి ఉంది. దుమ్ము తుడిచి, ఒక చుక్క వేసి చూశాను. ప్రతి పిల్ల ఒంట్లోనూ నిలువునా ఒక నల్లటి గీత ఉంది. నిండిన పేగు. అందులో నూనె బొట్లు కనిపిస్తున్నాయి. పక్క తొట్టిలో అప్పుడే పొదుగుతున్న వాటిని ఒక చుక్క తీసి చూశాను. నారింజ రంగు ఉంది, గీత లేదు. తలా తోకా తిప్పి తిప్పి చూశాను. నోరు కూడా లేదు. పుట్టాక ఏడెనిమిది గంటలకు ఒక పొర వదిలితే కానీ ఆర్టీమియాకు నోరు తెరుచుకోదు, కాగితం ఆగమన్నది అందుకే. అంతదాకా పుట్టుకతో తెచ్చుకున్న సొన మీద బతుకుతుంది. ఆ నారింజ రంగు ఆ సొనదే. దాన్ని నేను నూనె అనుకున్నాను.

నోరు లేని వాటికి గంటసేపు నూనె చూపించి, ఆ నూనె మొత్తం కాలువలో పోసి, ఖాళీ కడుపులను చేపపిల్లలకు వేశాను. కాలువ గట్టున చీమలు బలిశాయి, చేపపిల్లలు చచ్చాయి. ఆ కొవ్వు అందని పిల్ల చూడడానికి బాగానే ఉంటుంది, తింటుంది, తిరుగుతుంది, కానీ ఒంట్లో తట్టుకునే శక్తి ఉండదు. గుడ్డ తీసినప్పుడు వెలుతురు పడినా, గొట్టం కదిలినా ఆ అదురుకే పోతుంది. గొట్టం ఎవరు పెట్టినా పోతుంది. అది పెట్టడం అక్క పని కాబట్టి అక్క చేతిలో పోయాయి. అంతే.

ఆ సాయంత్రం స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. పశ్చాత్తాపమని చెబితే గొప్పగా ఉంటుంది. కాదు. సగం అలసట, సగం సిగ్గు. పద్దెనిమిదేళ్ళ పనిమంతురాలికి పురుగుకు నోరుందో లేదో తెలియదా అని సిగ్గు. అక్క ఆ తర్వాత గుర్తొచ్చింది.

అప్పటి నుంచి కాగితంలో ఉన్నట్టే చేశాను. పొదిగాక ఆగాను, పాలు పోసి పన్నెండు గంటలు ఉంచాను, నీళ్ళు తేరుకున్నాకే కడిగి వేశాను. ఆరో విడత పదకొండో రోజు గుడ్డ తీసి గొట్టం పెట్టాను. పిల్లలు చెల్లాచెదురై, మళ్ళీ దగ్గరికొచ్చి నా గొట్టం చుట్టూ తిరిగాయి. పదిహేను రోజులకు తలపట్టీ వచ్చింది, నెలకు మిగతావి వచ్చాయి. ఓనరు వచ్చి చూసి, "చెప్పలా నేను, నీ హస్తవాసే వేరు. ఆమె పొయ్యాక షెడ్డుకు పట్టిన పీడ పోయింది" అన్నాడు.

నేను నవ్వాను.

ఆ నవ్వు తర్వాత చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ఈ ఆదివారం పోదామనుకుంటాను, ఆదివారం పచ్చనీళ్ళు పాడవుతాయి. వచ్చే వారం అనుకుంటాను, మోటారు కాలుతుంది. కుంటిసాకులు వెతకక్కర్లేదు, ఆ షెడ్డులో రోజుకొకటి పుడుతుంది. అక్క జువ్వలదిన్నె హార్బరులో చేపలు ఏరే పనికి పోతోందని డ్రైవరు చెప్పాడు. ఏదో ఒక పని దొరికింది కదా, ఇప్పుడు పోయి పాత పుండు రేపడమెందుకని కూడా అనుకున్నాను. అలా ఐదు నెలలు గడిచాయి. పోయిన నెలలో ఓనరు ఇంకో షెడ్డు తెరుస్తూ, మొదటి చెంచా వేయడానికి నన్ను పిలిచాడు. చెంచా పట్టుకున్నాను. చెయ్యి ముందుకు పోలేదు. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి, చెంచా అక్కడ పెట్టి, బయటికొచ్చి జువ్వలదిన్నె ఆటో ఎక్కాను.

చేతులూపుకుంటూ పోలేక బిస్కెట్ల ప్యాకెట్టు ఒకటి కొన్నాను. అక్క అప్పుడే హార్బరు నుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను చూసి, "రాండి మేడం, కూచోండి" అని కుర్చీ వేసింది. తను గడప మీద కూర్చుంది.

"అక్కా, తప్పు నీ చేతిది కాదక్కా. నాది" అన్నాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయి ఇవే మిగిలాయి. బకెట్టు సంగతి, నోటి సంగతి మొత్తం చెప్పాను. నేను గొట్టం పెట్టినప్పుడు కూడా చచ్చాయని చెప్పాను.

ఆమె శ్రద్ధగా విన్నది. "వాటికి నోరే లేదా?"

"పుట్టినప్పుడు లేదక్కా. ఏడెనిమిది గంటలు పోయినాక వస్తాది."

"మరి అన్ని గుడ్లు కొట్టించినావే నా చేత?"

"కాలవలో పోసినా."

అక్క నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వు ఆగాక అడిగింది.

"ఎప్పుడు తెలిసింది మే నీకు?"

మళ్ళీ మే అన్నందుకు సంతోషించే తీరిక కూడా లేకపోయింది. "ఐదు నెలలైందక్కా" అన్నాను.

ఆమె తల ఊపి, కొంగుతో కాళ్ళు తుడుచుకుంది. నేనే మళ్ళీ మొదలుపెట్టాను. ఓనరుతో చెబుతాను, అందరి ముందూ చెబుతాను, పనికి రమ్మన్నాను.

"వద్దులే. హార్బరులో వచ్చేటివన్నీ చచ్చిన చేపలే గదా. నేను తాకినందుకు చచ్చినాయని ఎవురూ అనరు." కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది.

లోపల పసిబిడ్డ ఏడ్చింది. అక్క కూతురు బిడ్డను ఎత్తుకొచ్చి, మా ఇద్దరి మధ్య చాప మీద కూర్చోబెట్టి, నాకు టీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆడపిల్ల. చేతులు, కాళ్ళు బొద్దుగా మడతలు పడి ఉన్నాయి. ఎన్నో నెల అని అడిగాను. ఆరు నిండాయంది అక్క. మా వైపు ఎవరింట్లో పసిబిడ్డను చూసినా అనే మాటే అన్నాను.

"బాగా బొద్దుగా ఉండాది. నీళ్ళు నువ్వే పోసినావా అక్కా?"

మా దగ్గర పుట్టిన బిడ్డకు నీళ్ళు పోసేది అమ్మమ్మే. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డను పండుకోబెట్టుకుని, నూనె రాసి, ఒళ్ళు పట్టి పోస్తుంది. బిడ్డ బాగుంటే ఆ పేరు అమ్మమ్మకే వస్తుంది.

అక్క లోపలికి చూసి, కూతురు వినడం లేదని తెలుసుకుని గొంతు తగ్గించింది.

"లేదు మే. మోకాళ్ళు నొప్పులు, కాళ్ళు చాపలేనని చెప్పినా నా కూతురికి. పక్కింటామె పోసింది. నేను నీళ్ళు కాంచి ఇచ్చేదాన్ని. చెంబు ముట్టుకోలా."

"ఎందుకక్కా?" అన్నాను. ఎందుకో నాకు తెలుసు. అయినా అడిగాను.

"నువ్వన్న మాట దానికి తెలీదు. నాకు తెలుసు గదా. నా కళ్ళ ముందరే తిరిగి తిరిగి పడిపోయినాయి. చేపపిల్లలంటే పోతే పోయినాయి. ఇది పోతే?"

లెక్క వేయకుండా ఉండలేకపోయాను. బకెట్లో నీళ్ళు తేరుకున్న ఆ ఆదివారానికి ఈ బిడ్డకు నెల. మర్నాడే వచ్చి చెప్పి ఉంటే ఇన్ని నెలలూ అక్కే పోసి ఉండేది.

"ఇప్పుడు పొయ్యక్కా. ఈ పూటే పొయ్యి. నేను నీళ్ళు తోడిస్తా" అన్నాను. 

అక్క బిడ్డ వైపు చూసింది. బిడ్డ బిస్కెట్ల ప్యాకెట్టు కోసం ముందుకు వంగి, పడకుండా నిలదొక్కుకుని, మళ్ళీ నిటారుగా కూర్చుంది.

"ఇంక కాళ్ళ మీద పండుకోదు మే" అంది అక్క. "లేచి కూచుంటాది."